నాలుగు మూరల రాకెట్టు

జ్ఞాపకాలు రాసే పెద్దమనుషులందరికీ ఒక జబ్బు ఉంటుంది. మొదటి పేజీలోనే బాల్యంలోకి దూరిపోతారు. అక్కడ ఒక వాగు ఉంటుంది, వాగు పక్కన మామిడితోట ఉంటుంది, తోటలో దొంగతనం చేస్తే ముద్దుగా కొట్టే నాయనమ్మ ఉంటుంది. అలాంటివి చాలా చదివాను. ఒక్కరి బాల్యం మీద కూడా నాకు నమ్మకం కలగలేదు. నా దగ్గర ఆ సరంజామా ఏదీ లేదు. పదకొండో ఏట మా నాయన నన్ను సిరిసిల్లలో కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. మీసం మొలవక ముందే సూరత్ రైలెక్కించాడు. ఆటలాడుకునే వయసు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో మగ్గాల మోతలో నాకు వినపడలేదు. అందుకని నా బాల్యం కాస్త ఆలస్యంగా, అరవై ఏడో ఏట వచ్చింది. సూరత్ శివారు ఉధ్నాలో, కరోనా పేరు చెప్పుకుని వచ్చింది. దాదాపు ఏడాది ఉండి పోయింది. నా తొలినాళ్ళంటే అవే.

ఆ బాల్యంలో నేనూ మా బావ ఎల్లయ్యా కలిసి ఇరవై నాలుగు అడుగుల రాకెట్టును మా చాలీ డాబా మీద నిలబెట్టాం. చాలీ అంటే ఒకే వరండాకు వరసగా అతికించిన గదులు. మా దాంట్లో కింద ఎనిమిది, పైన ఎనిమిది. ఆ డాబా మీద మా రాకెట్టు నిలబడితే ఉధ్నా స్టేషన్లో రైలు దిగినవాళ్ళు తలెత్తి చూసి, ఇదేం గుడి గోపురమని అడిగేవాళ్ళు.

సరే. ఆరడుగులు. స్టేషన్ నుంచి కనిపించేది కాదు, మధ్యలో నీళ్ళ ట్యాంకు అడ్డం. మా బావకు ఒక అలవాటు ఉండేది. నేను ఏం చెప్పినా నాలుగుతో భాగించి వినేవాడు. "మాస్టర్ సాబ్ నూరు మంది అన్నడా? పాతిక రాసుకో" అనేవాడు అందరి ముందూ. షెడ్డులో మగ్గాలు బాగుచేసేవాణ్ణి కాబట్టి నన్ను అందరూ మాస్టర్ అనేవాళ్ళు. ఆ సాబ్ మాత్రం వెక్కిరింపుకని బావ తగిలించింది. నలభై ఏళ్ళు నన్ను అలా భాగించాడు. కోపం వచ్చేది. కానీ ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. పాఠకులు కూడా ఆ పద్ధతే పాటిస్తే ఇబ్బంది ఉండదు. బావ ఈ రాతలు చదువుతాడన్న భయం నాకు లేదు. నా అబద్ధాలు నోటితో వినడమే ఎక్కువ, మళ్ళీ కళ్ళతో కూడానా అంటాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, పోయిన వారం మా ఇంటామె రాజవ్వ అటక మీద ఎలుక చచ్చిందని పట్టుబట్టింది. ఎలుక లేదు. తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో మూరెడు పొడుగు కాగితపు రాకెట్టు, బొటనవేలంత లావు, ఎర్ర ప్లాస్టిక్ ముక్కుతో, తోకకు మూడు చెక్క రెక్కలతో, ఒక్కసారి కూడా ఎగరకుండా పడుకొని ఉంది. పెద్దదాన్ని ఎగరేసే యావలో మేము చిన్నదాన్ని ఎగరేయడం మరిచిపోయాం. దాన్ని చేతిలో పట్టుకుంటే ఎంత తేలికగా ఉందో! నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. కింద నుంచి రాజవ్వ "ఎలుకనా?" అంటున్నది. ఒక విధంగా ఎలుకే. నాలుగేళ్ళుగా వాసన కొడుతున్న ఎలుక.

మగ్గాలు ఆగిపోయిన మొదటి రోజు మాకు చెవులు నొప్పి పెట్టాయి. ఆ మోతలో బతికినవాడికి నిశ్శబ్దమంటే ఏదో చెడిపోయిందని అర్థం. చేతులు వాటంతటవే పానా కోసం తడుముకుంటాయి. మేము ఇళ్ళల్లో కూడా ఎంత అరిచి మాట్లాడతామో అప్పుడు తెలిసింది. ఉప్పు అందుకోమని రాజవ్వ అడిగితే పక్క గల్లీలో కుక్క లేచేది. ఇంకో సంగతి ఉంది. మగ్గం మనుషులు చెవులతో వినరు, పెదవులు చూసి వింటారు. షెడ్డు ఆ చివర ఎవడు నన్ను ఏం తిడుతున్నాడో ఈ చివర నుంచి నేను పొల్లు పోకుండా చదివేవాణ్ణి. మూతికి గుడ్డ కట్టుకోమనేసరికి చాలీ మొత్తం ఒక్కపూటలో చెవిటిదైపోయింది. అందరం ఒకరి నుదురు ఒకరం చూసుకుంటూ తలలూపేవాళ్ళం.

ఇళ్ళల్లో వాము, మిరియాలు, శొంఠి వాసన. పాండేసర వైపు నుంచి ఎప్పుడూ వచ్చే రంగుల మిల్లు ఆవిరి వాసన పోయి, దాని జాగాలో ప్రతి గది నుంచీ ఈ కషాయం వాసన. రాజవ్వ రోజుకు మూడుసార్లు కాచి, గొంతు కాలేలా తాగించేది. పాల ప్యాకెట్లను సబ్బుతో కడిగి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఒకనాడు కొత్తిమీరను కూడా బట్టల పొడి నీళ్ళల్లో ముంచింది. ఆ పూట పచ్చిపులుసులో నురగ వచ్చింది. దీన్ని నాలుగుతో భాగించనక్కర్లేదు, మొత్తం నిజం. మేమంతా చస్తామన్న భయంతో ఇంత మురికి బుద్ధులను ఇంత శుభ్రంగా కడుక్కున్న రోజులు ముందూ లేవు, తర్వాతా లేవు. ఇప్పుడు చూడండి, అదే వరండాలో మళ్ళీ గుట్కా ఉమ్ములు.

మనుషులు వెళ్ళిపోయారు. ఉన్, వడోద్, ఉధ్నా పేటల్లో ఎక్కడి గదులు అక్కడ తాళాలు పడ్డాయి. రైలు దొరికినవాడు రైల్లో, దొరకనివాడు లారీలో. మా బావ కొడుకు శ్రీను కూడా పెళ్ళాం పిల్లలతో బయల్దేరాడు. ఎల్లయ్య నాకు బావ ఎట్లా అంటే, మా రాజవ్వకు అన్న. మా పక్క గదే. జకార్డు డిజైన్లు గీసేవాడు. చీర అంచులో నెమలి కావాలంటే, ముందు చేతివేలంత నెమలిని గీసి, దాన్ని గళ్ళ కాగితం మీద గడికి గడి లెక్కపెట్టి పెంచి, ఏ పోగు పైకి లేవాలో ఏది కిందకి పోవాలో చుక్కలు పెట్టాలి. ఆ చుక్కల ప్రకారం అట్టలకు రంధ్రాలు పడతాయి, అట్టల ప్రకారం మగ్గం నేస్తుంది. బావ చుక్క తప్పడు. పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కి, ఆ పొట్టును అగ్గిపెట్టెలో దాచి, అగ్గిపెట్టె నిండిన రోజు పారబోసేవాడు. టీని కూడా సాసర్లో గీత దాకా పోసుకుని తాగేవాడు. నేను నూనెలో మునిగి, మోచేతుల దాకా నల్లబడి ఇంటికొస్తే, ఆయన తెల్లచొక్కాతో, చెవి మీద పెన్సిల్‌తో కూర్చుని "ఏం మాస్టర్ సాబ్, ఇయ్యాల ఎన్ని మగ్గాలు నిన్ను ఓడగొట్టినయ్?" అనేవాడు. ఇలాంటి మనిషిని ప్రేమించడం దేవుడి వల్ల కూడా కాదు.

వెళ్ళే రోజు వరండాలో మూటలు కడుతూ శ్రీను అన్నాడు: "ఇంక ఈడ ఏమున్నది నాన్నా? నడువు, పోదాం."

"నా పని?"

"ఏం పని నాన్నా! నువ్వు నెల రోజులు గీసేది కంప్యూటర్ల అర్ధగంట. ఎన్నేండ్లయింది నీ పెన్సిల్‌ను ఎవడన్న అడిగి?"

వరండా అంతా విన్నది. మగ్గాలు నడుస్తుంటే ఆ మాట ఎవరికీ వినపడేది కాదు. బావ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. శ్రీను కాసేపు తలుపు కొట్టి, ఆటో హారన్ కొడుతుంటే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బావ తలుపు రోజుకు ఒకసారే తెరుచుకునేది. రాజవ్వ జొన్నరొట్టె, తొక్కు పెట్టి పంపితే సగం కూడా ముట్టేవాడు కాదు. "మా అన్న తింటలేడు" అని ఆమె ఏడిస్తే, "మిగిలింది నేను తింటున్న గద, నష్టమేముంది" అన్నాను. అలాంటి మాటలు అనడానికి నాకు సాధన అక్కర్లేదు.

మా పైగదిలోకి అప్పుడే ఒక డాక్టరమ్మ దిగింది. గుంటూరు పిల్ల. పెద్దాసుపత్రిలో కరోనా డ్యూటీ. అంతకుముందు ఏదో అపార్ట్‌మెంటులో ఉండేదట. అక్కడివాళ్ళు బాల్కనీల్లో నిలబడి డాక్టర్లకు చప్పట్లు కొట్టి, మర్నాడు ఈ పిల్లను గది ఖాళీ చేయమన్నారు. మా ఇంటి యజమానురాలు కాంతాబెన్ గది ఇచ్చింది. కాంతాబెన్ మనసు వెన్న అని రాయను. ఆ గది రెండేళ్ళుగా ఖాళీ. ఆ అమ్మాయి తన తమ్ముడి పుట్టినరోజుకని రాకెట్టు చేసుకునే కిట్టు ఒకటి తెప్పించింది. కొరియర్లు ఆగిపోయి అది గుంటూరు పోలేదు. ఒకరోజు డాబా మీద బావ గోడకేసి చూస్తూ కూర్చుంటే, దూరం నుంచే డబ్బాను నేల మీద జరిపి, "పెదనాన్నగారూ, మీరు బొమ్మలు గీస్తారటగా, కాలక్షేపానికి ఉంచుకోండి" అన్నది.

బావ డబ్బా విప్పాడు. గొట్టం చూడలేదు, ముక్కు చూడలేదు, మందు కూరిన చిన్న గొట్టాలు నాలుగుంటే వాటినీ చూడలేదు. అడుగున మడిచి పెట్టిన గీతల కాగితం తీసి, ఎండకు పట్టుకుని చూశాడు. తర్వాత లేచి గదిలోకి పోయి ఉక్కు స్కేలు తెచ్చుకున్నాడు. ఆ పూట రాజవ్వ పంపిన పళ్ళెం ఖాళీగా వచ్చింది. రెండు రోజుల్లో మూరెడు రాకెట్టు తయారైంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలు ఏడిపించిన మనిషి ఒక పిల్లల ఆటబొమ్మకు లేచి కూర్చున్నాడు!

"ఇది పోరగాండ్లు చేసే పని బావా," అన్నాను. "నీ పెన్సిల్‌కు దమ్ముంటే దీన్ని పెంచి చూపియ్యి."

"ఎంతకు?"

"నాలుగింతలు." నలభై ఏళ్ళు నన్ను నాలుగుతో భాగించినవాడు, ఒక్కసారి గుణించి చూడనీ అనుకున్నాను.

బావ నన్ను, రాకెట్టును, మళ్ళీ నన్ను చూశాడు. "చేస్త. ఫోన్ల శ్రీనుకు చూపియ్యాలె. చేత్తో పెంచినది ఎట్ల లేస్తదో వాడు సూడాలె."

అంతే. ఆ క్షణం నుంచి ఆ మనిషికి రాకెట్టు అంటే ఆకాశం కాదు, చంద్రుడు కాదు. శ్రీను అన్న ఒక్క మాటకు జవాబు. అది నాకు ఆ రోజే తెలుసు. తెలియదని రాసుకుంటే బాగుండేది.

గళ్ళ కాగితాలు మళ్ళీ బయటికొచ్చాయి. గదంతా పరుచుకుని మోకాళ్ళ మీద పాకుతూ గీశాడు. ప్రతి గడికీ ఇటు నాలుగు, అటు నాలుగు. రెక్కలకు తన పాత నెమలి అట్టలే వాడాడు, రంధ్రాలతో సహా; రెండేసి అతికించి గంజి పెట్టాడు. ముక్కుకు నూలు చుట్టే కోను తీసుకుని కొస రంధ్రాన్ని కొవ్వొత్తి మైనంతో పూడ్చాడు. కిందికి దిగేటప్పుడు విచ్చుకోవడానికి గొడుగు కావాలంటే రాజవ్వ ఒక చీర ఇచ్చింది. "మీ మాస్టర్ నేసిందే అన్నా. ఇరవై ఏండ్ల సంది పెట్టెల ఉన్నది. కట్టుకునేటట్టు లేదు, గాలికన్న పనికొస్తది" అన్నది. మందు గొట్టాల లెక్కకొస్తే బావ క్షణం ఆలోచించలేదు. "చిన్నదానికి ఒక్క గొట్టం. నాలుగింతల పొడుగు, నాలుగింతల పన్నా. పదహారింతల బట్ట. పదహారు గొట్టాలు." కిట్టులో నాలుగున్నాయి. పార్సిళ్ళు మళ్ళీ మొదలయ్యాక మిగతా పన్నెండు డాక్టరమ్మే తెప్పించి ఇచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఒకరోజు పొద్దున ఆ అమ్మాయి డ్యూటీకి పోతూ మెట్ల మీద నన్ను ఆపింది. మూతికి రెండు మాస్కులు, కళ్ళకు అద్దాలు. "మాస్టారూ, ఎల్లయ్యగారి లెక్క నిన్న చూశానండీ. ఆయన బట్ట లెక్క వేస్తున్నారు. బట్టకు పొడవూ వెడల్పే కదండీ. దీనికి మందం కూడా ఉంటుంది. అన్నీ నాలుగు రెట్లయితే బరువు అరవై నాలుగు రెట్లు అవుతుందండీ. పల్చటి కాగితంతో చుట్టమనండి, లేకపోతే రెండు రెట్లకే ఆపమనండి. నేను వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నారు, మీరు తప్పకుండా చెప్పాలి."

తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్న కథ ఏమిటంటే, ఆమె మూతికి గుడ్డ ఉంది, నావి మగ్గం చెవులు, పెదవులు కనపడకపోతే నాకేం వినపడుతుంది అని. మంచి కథే. రెండు మూడు చోట్ల చెప్పాను కూడా. కానీ ఊరంతా నిశ్శబ్దంగా ఉన్న పొద్దు అది. పిచ్చుక గొంతు సవరించుకున్నా వినపడేది. ఒక్క మాట పోకుండా విన్నాను. అరవై నాలుగు అన్న అంకె విన్నప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది. "చెప్తనమ్మా" అన్నాను.

చెప్పలేదు. ఎందుకంటే ఆ పెన్సిల్ నలభై ఏళ్ళల్లో ఒక్కసారి తప్పగా నేను చూడలేదు. చచ్చేలోగా చూడాలనిపించింది. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. రాకెట్టు ఒంటికి కావాల్సిన పెద్ద గొట్టం దగ్గరికొచ్చేసరికి బావ, "నేను చుడత. పాత గ్రాఫులే, గంజి వెట్టి నాలుగు పొరలు" అన్నాడు. అంటే ఆ పల్చటి కాగితం ఆలోచన ఆయనకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది. నేను పకపకా నవ్వాను. "కాగితం చుట్టి చేస్తే దాన్ని బీడీ అంటరు బావా, రాకెట్ అనరు." మూతపడిన మిల్లు వాచ్‌మన్‌ను బతిమాలి, తానులు చుట్టే అట్ట గొట్టం ఒకటి తెచ్చాను. మనిషెత్తు, గోడ వేలెడు మందం. రెండు క్వింటాళ్ళ బట్ట చుట్టినా వంగదు. సరే, అర క్వింటా. వరండాలోంచి మెట్లెక్కించేటప్పుడు ఒక కొస బావ భుజం మీద, ఒక కొస నా భుజం మీద.

మెట్ల మలుపులో బావ ఆగాడు. "బరువున్నది మాస్టర్ సాబ్."

"బరువుంటేనే రాకెట్. లేకపోతే పతంగంటరు."

ఆయన కొసను ఇంకో భుజం మీదికి మార్చుకుని మెట్టెక్కాడు. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. గీసేవాడు మగ్గం మీద చెయ్యి వేయడు, మగ్గం మాస్టర్ గ్రాఫు మీద వేలు పెట్టడు. ఎంత కొట్టుకున్నా, ఎంత తిట్టుకున్నా ఆ గీత ఎవరమూ దాటం. కాగితం ఆయనది, ఇనుమూ గొట్టమూ సామానూ నావి. గొట్టం నేను తెచ్చానంటే దాని మంచి చెడ్డ నాకు తెలిసే ఉంటుందని నమ్మి మోశాడు. వేరే ఎవడైనా అయితే గొట్టాన్ని మెట్ల మీద నుంచి కిందికి దొర్లించేవాడు.

ఎగరేసే సాయంత్రం బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాలుగైదు డాబాల మీద జనం. వాళ్ళకూ వేరే పనేముంది? పక్క డాబా మీద కాంతాబెన్ పాపడాలు ఎండేసుకుని కాపలా కూర్చున్నది. డాక్టరమ్మ డ్యూటీలో ఉంది. రాజవ్వ రెండు చేతులతో ఫోను పట్టుకుని రాకెట్టుకు ఎదురుగా నిలబడింది. అందులో శ్రీను మొహం, సగం నుదురు, సగం ఆకాశం. "కనిపిస్తున్నదా బిడ్డా?" అని అరుస్తున్నది. స్కూటర్ బ్యాటరీ వైర్లు బావ చేతిలో ఉన్నాయి. వాటి కొసలు రెండూ ఆనించాడు.

అంటుకుంది. తెల్లటి పొగ, కళ్ళు మండే వాసన, మగ్గాల షెడ్డు మొత్తం ఒక్కసారి తిరిగినంత మోత. రాకెట్టు తాటిచెట్టంత లేచింది.

మూరెడు లేచింది. దీన్ని భాగించకండి, ముందే భాగించి చెప్తున్నాను. మూరెడు లేచి, ఎటు పోవాలో తెలియని తాగుబోతులా గాలిలో నిలబడి, పక్కకు ఒరిగి, అడ్డంగా పోయి కాంతాబెన్ పాపడాల మీద పడింది. పదహారు గొట్టాల్లో అంటుకోనివి కూడా అక్కడికి పోయి అంటుకున్నాయి. రాజవ్వ చీర అప్పుడు విచ్చుకుంది. కాంతాబెన్ చీపురుతో మంట కొడుతూ, "అరే కాకా! చాంద్ పర్ జానా థా, పాపడ్ పర్ ఆ గయా!" అన్నది. చంద్రుడి మీదికి బయల్దేరి పాపడాల మీద దిగిందని నాలుగు డాబాలూ పడిపడి నవ్వాయి. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను. అంతటితో ఊరుకోక, ఫోను వైపు తిరిగి, "కాగితం మీద లెక్క గిట్లనే ఉంటది! సూసినవార శ్రీనూ, మీ నాన్న పెన్సిలూ!" అన్నాను.

ఫోనులోంచి శ్రీను గొంతు గరగరలాడింది. "ఇగ చాలు నాన్నా. ఊరికి రా." అంతే వినపడింది. రాజవ్వ ఆ మాటను పెదవులు కదిపి బావకు చెప్పింది. బావ తల ఊపి, వైర్లు చుట్టి, చీపురు తీసుకుని మసి ఊడ్చాడు. రాత్రి డాక్టరమ్మ వచ్చి, "చెప్పారా మాస్టారూ?" అని అడిగితే, "చెప్పిన తల్లీ, వినలే" అన్నాను. ఆమె ఇంకో ఆరు నెలలు ఆ పైగదిలో ఉండి, బదిలీ అయి వెళ్ళిపోయింది. ఎల్లయ్యగారు మొండి మనిషి అనుకుంటూనే వెళ్ళి ఉంటుంది.

బావ ఊరికి పోలేదు. కానీ పెన్సిళ్ళు కట్టగట్టి అటక మీద పడేశాడు. ఉక్కు స్కేలు రాజవ్వకు ఇచ్చాడు. ఆమె దాంతో పీట మీద అంటిన పిండి గీరుతుంది. టీ గీత దాటి పోసినా పట్టించుకోడు. అన్నిటికంటే ఘోరం, నన్ను భాగించడం మానేశాడు. నేను ఎంత చెప్తే అంతకు ఊకొట్టేవాడు. ఒకసారి కావాలని తాపీ నదిలో మొసలిని ఒంటిచేత్తో పట్టానని చెప్పాను. "పట్టే ఉంటవ్" అన్నాడు. అబద్ధాలతో బతికేవాడికి అంతకు మించిన శిక్ష ఉండదు. చుట్టూ లోకం చూస్తే మళ్ళీ మోత మొదలైంది. కింది గదుల్లో ఇప్పుడు కంప్యూటర్ల మీద ఆడపిల్లలు నెమళ్ళను గుడ్లు పెట్టినట్టు పెడుతున్నారు. ప్రతి నెమలికీ ఒకే కన్ను, ఒకే చూపు, చచ్చిన చూపు. ఆ మాట బావతో అంటే, "బాగనే ఉన్నయ్ గద" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పాపడాల వాసన వచ్చేది.

పోయిన వారం నిచ్చెన దిగి, ఆ మూరెడు రాకెట్టు పట్టుకుని బావ గదికి పోయాను. ఇప్పుడు ఆయనకు చెవులు పూర్తిగా పోయాయి. మొహానికి మొహం పెట్టి మాట్లాడాలి. అబద్ధం చెప్పడానికి అంతకంటే కష్టమైన పద్ధతి లేదు. చెప్పేశాను. డాక్టరమ్మ ముందే చెప్పిందని, అరవై నాలుగింతలని, నేను దాచానని, ఆ గొట్టమే ముంచిందని, నువ్వు కాగితం చుట్టి ఉంటే లేచేదేమోనని. బావ నా పెదవులనే చూశాడు. టీ చల్లబడి మీద తొరక కట్టింది.

"ఎందుకు?" అన్నాడు.

"నీ పెన్సిల్ ఒక్కసారన్న తప్పితే సూద్దామని."

తిడతాడనుకున్నాను. రాకెట్టును అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "శ్రీనుకు చెప్పు," అన్నాడు. "ఇప్పుడే చెప్పు. నా ముందర."

ఫోను చేశాను. బావ ఎదురుగా కూర్చుని నా నోటిని చూస్తున్నాడు. అవతల శ్రీను ఏదో షాపులో ఉన్నట్టున్నాడు. నేను మొత్తం చెప్పాను, ఒక్క ముక్క పెంచకుండా. నా జీవితంలో అంత నిజం ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు. అంతా విని వాడు, "ఏ రాకెట్ మామా?" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. "ఆ... అదా. అప్పుడు ఫోన్ల బొమ్మ ఆగిపోయింది మామా. నేను బియ్యం లైన్ల నిలవడ్డ. జేబుల వెట్టుకున్న. ఏం సూడలే. రోజు అడిగినట్టే ఊరికి రమ్మన్న, అంతే. ఇప్పుడు దాని సంగతెందుకు? నాన్న మంచిగున్నడా?" నేను "ఊఁ, ఊఁ" అంటూనే ఉన్నాను. నా పెదవుల మీద ఆయనకు చదవడానికి ఊఁ తప్ప ఇంకేమీ లేకుండా చూసుకున్నాను. నాలుగేళ్ళు ఈ మనిషి కుమిలిపోయిన అవమానాన్ని చూడాల్సినవాడు చూడనే లేదు. నేను పనిగట్టుకుని ఫోను వైపు తిరిగి చేసిన వెక్కిరింపు కూడా ఒక జేబు లోపలి గుడ్డ విన్నది. ఎంత చవక పని చేశానో ఆ ఒక్క క్షణంలో తెలిసింది.

ఫోను పెట్టేశాను.

"ఏమన్నడు?"

నిజం చెప్పవచ్చు. వాడు చూడలేదు బావా, నీ పరువు ఎక్కడికీ పోలేదు అని. కానీ దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని చూపించిన దాన్ని వాడు చూడనే లేదు.

"ఏడ్చిండు," అన్నాను.

బావ కనుబొమలు ముడిపడ్డాయి. "ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

ఆయన నా పెదవుల మీద నుంచి చూపు తీసి గోడ వైపు పెట్టాడు. వేళ్ళు కదిలాయి. నాలుగేళ్ళ తర్వాత ఆ వేళ్ళు కదలడం చూశాను.

"రెండు నిమిషాలన్నవా?" అన్నాడు. "ముప్పై సెకండ్లు రాసుకుంట."

"రాసుకో బావా."

సున్నాను నాలుగుతో భాగిస్తే ఎంతో ఆ మనిషికి తెలియక కాదు. అడగలేదు. లేచి మా గుమ్మం దాకా పోయి, "రాజవ్వా, నా స్కేలు ఎక్కడ వెట్టినవే?" అని చాలీ అంతా వినపడేలా అరిచాడు. మా ఆమె పీట మీద పిండి గీరడం ఆపి, దాన్ని కొంగుతో తుడిచి ఇచ్చింది. బావ దాన్ని వెలుతురుకు పట్టుకుని, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"అంచు ఆగం జేసిన్రు గదనే," అన్నాడు మా ఇద్దర్నీ కలిపి. "మీ చేతికి ఏదిచ్చినా గంతే."